ఎండబిళ్లలు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో బెజవాడలో కిటికీలన్నిటికీ నల్ల కాగితాలు అంటించారు. రైళ్లన్నీ వచ్చి కలిసే ఊరు కనుక బాంబు పడితే ఇక్కడే పడుతుందని అందరికీ భయం. పైనుంచి చూసేవాడికి ఊళ్లో ఒక్క దీపం కూడా కనపడకూడదట. పొద్దుగూకక ముందే తాళం వేసుకుపోయే మా బడిని కూడా వదల్లేదు. నిచ్చెన వేసుకుని, బక్కెట్టులో మైదాపిండి జిగురు పెట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చి కిటికీ అద్దాలన్నిటికీ కాగితాలు అంటించి వెళ్లారు.

నేనప్పుడు గవర్నర్‌పేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. చేరి ఎంతో కాలం కాలేదు. మా ఇల్లు వన్ టౌన్‌లో. ముందు నాన్న చేనేత బట్టల దుకాణం, వెనక మేముండే పెంకుటిల్లు. పెడన నుంచి, మంగళగిరి నుంచి చీరెలూ పంచెలూ మూటలుగా వచ్చి మా వసారాలోనే దిగేవి. మా ఇంట్లో ఆడపిల్ల ఇంటర్మీడియెట్ దాకా చదవడం నాతోనే మొదలు. పొద్దున్నే నేను జట్కా ఎక్కి రైలుగేటు దాటి ఉద్యోగానికి వెళ్లడం చూడటానికి మొదట్లో వీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు. తరవాత్తరవాత అలవాటు పడి ఊరుకున్నారు.

నిజం చెప్పాలంటే నేను చదువుకున్న సైన్సంతా నల్లబల్ల మీద చదువుకున్నదే. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మా మాస్టారు బల్ల మీద రాశారు, నేను రాసుకున్నాను, పరీక్షలో మళ్లీ రాశాను, మార్కులు వచ్చాయి. దాన్ని కళ్లతో చూడాలన్న ఆలోచన ఆయనకీ రాలేదు, నాకూ రాలేదు. పిల్లలకైనా చూపిద్దామని ఆ ఏడు అనుకున్నాను. మా బడి అలమరలో ఉన్న సామానుతో చూపించగలిగింది ఒక్కటే: మూడు అట్టలు, మూడింటికీ మధ్యలో ఒకే ఎత్తున చిల్లు, ఒక కొవ్వొత్తి. మూడు చిల్లులూ వరసలో ఉంటే మంట కనపడుతుంది. మధ్య అట్ట కొంచెం జరిపితే కనపడదు.

అది మార్చి నెల, ఒంటిపూట బళ్లు. ఫోర్త్ ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి, క్లాసు. కొవ్వొత్తి బాగా కనపడాలని తలుపు కూడా మూయించాను. నల్ల కాగితాల పుణ్యమా అని గది చీకటయిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఒక కన్ను మూసి అట్ట చిల్లులోంచి చూసి వెళుతున్నారు.

"కనపడిందా?"

"కనపడిందండీ."

చూసినవాళ్లూ అదే మాట, చూడనివాళ్లూ అదే మాట. ఈ వరస ఇలా సాగుతుండగా వెనక బెంచీ నుంచి ఒక పిల్ల గొంతు వినపడింది.

"టీచర్ గారూ, గోడ మీద బండి పోతందండీ."

అందరూ నవ్వారు. ఆ పిల్లది దివిసీమ వైపు ఒక పల్లెటూరు. తండ్రికి వరి పొలాలు. చదువు కోసం గవర్నర్‌పేటలో మేనత్త ఇంట్లో ఉంటూ బడికి వచ్చేది. ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది. పిల్లలు దాని మాట వినగానే నవ్వడానికి తయారుగా ఉండేవాళ్లు.

"తలకిందులుగా పోతందండీ!" అంది మళ్లీ.

తలెత్తి చూశాను. కిటికీలకు ఎదురుగా ఉన్న సున్నం గోడ మీద నిజంగానే ఒక ఎడ్లబండి పోతోంది. చక్రాలు పైకి, ఎద్దుల వీపులు కిందికి. ఎద్దుల కాళ్లు పైకప్పు కేసి తిరిగి గబగబా కదులుతున్నాయి. బండి మీద గడ్డి పచ్చగా ఉంది, బండివాడి తలగుడ్డ ఎర్రగా ఉంది. వాడి వెనకే ఒకావిడ నెత్తిన గంపతో, నేలని పైన పెట్టుకుని, ఆకాశంలోకి తల వేలాడేసి నడిచిపోయింది. చడీ చప్పుడూ లేదు.

ఒక పిల్ల కెవ్వుమని అరిచింది. ఇంకొకతె బెంచీ దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "దయ్యాలండీ" అని ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. దయ్యాలు కావని చెప్పడానికి నాకు కూడా కొంత సమయం పట్టింది. కిటికీ వైపు చూస్తే నల్ల కాగితంలో ఒకచోట చిన్న కంత, దాన్నుంచి చీకట్లోకి సన్నగా వెలుతురు. వెళ్లి ఆ కంత మీద వేలు పెట్టాను. గోడ మీద వీధంతా ఆరిపోయింది. వేలు తీశాను. వీధి మళ్లీ వచ్చింది. ఈసారి సోడాబండి.

"ఓ!" అంది క్లాసంతా. ఏడుస్తున్న పిల్ల కూడా అంది.

వేలు పెట్టడం, తీయడం. పెట్టినప్పుడల్లా "అయ్యో", తీసినప్పుడల్లా "ఓ". ఆ గోలకు హెడ్‌మిస్ట్రెస్ గారు తలుపు తోసుకుని వచ్చారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. నవ్వగా ఎవరూ చూడలేదని బడిలో చెప్పుకునేవారు. తలుపు తెరుచుకోగానే వెలుతురు పడి గోడ ఉత్త గోడ అయిపోయింది.

"ఏమిటీ అల్లరి?"

చెప్పాను. ఆవిడ నమ్మినట్టు కనపడలేదు. తలుపు మూసి గోడకేసి తిరిగి నిలబడ్డారు. ఎదురుగా ఉన్న కాఫీ హోటలు, దాని అరుగు, అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్న మనిషి, అన్నీ తలకిందులుగా మెల్లగా తేలాయి.

ఆవిడ కాసేపు తల పక్కకి వంచి చూశారు. "ఆ అరుగు మీద ఉన్నది మన బంట్రోతేనా?"

"అవునండీ" అంది ముందు బెంచీ పిల్ల.

"పోస్టాఫీసుకని వెళ్లాడు" అన్నారు తనలో తాను. పిల్లలు నోటికి పైట కొంగులూ ఓణీలూ అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం బయటికి వెళ్లి వాణ్ణి పిలవలేదు. వెనక బెంచీలో ఖాళీ చూసుకుని కూర్చుని గంట కొట్టేదాకా గోడ వంకే చూస్తూ ఉండిపోయారు.

పిల్లలకి ఆ పూటే అర్థమయింది. వీధిలో పైనున్నదాని వెలుతురు కంతలోంచి నేరుగా దూసుకువచ్చి గోడ కింది భాగాన పడుతుంది, కిందున్నదాని వెలుతురు పైన పడుతుంది. సరళరేఖ అంటే అంతే. నాకు మాత్రం ఇంటికి వెళ్లేదాకా జట్కాలో ఒకటే ఆలోచన. ఇన్నాళ్లూ నాకు తెలిసిందనుకున్నది నిజమన్నమాట. తెలియడం వేరు, అది నిజమని చూడటం వేరు అని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇంకోటి అడగాలండీ."

"అడుగు."

"మా ఊళ్లో వంటింటికి తాటాకు కప్పండీ. ఆకు చీలినచోట్ల ఎండ కిందికి బిళ్లలు బిళ్లలుగా పడుద్ది. పైనేమో కంత ఎట్టా పడితే అట్టా చీలి ఉంటది. కింద బిళ్ల మాత్రం ఎప్పుడూ గుండ్రంగానే పడుద్ది. ఎందుకండీ?"

ఆ బిళ్లలు నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. మా మధ్య గదిలో పెంకుల సందుల్లోంచి రోజూ పడేవి. చిన్నప్పుడు వాటిని అరచేత్తో పట్టుకునే ఆట ఆడాను. అవి గుండ్రంగా ఉంటాయని తెలుసు. ఉండకూడదని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

"చిన్న కంత కదా, అందుకని" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"చిన్నదైనా మూడు మూలల కంత మూడు మూలలేగా అండీ?"

చూసి చెబుతానన్నాను.

మా అన్నయ్య భార్య, మా వదిన, మంగళగిరిలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. నా వయసుదే. అప్పుడు నెల తప్పి ఉంది. ఆ మధ్యాహ్నం నేను చీరె మడతల్లో పెట్టే అట్ట ఒకటి తీసుకుని దాంట్లో చిన్న మూడు మూలల కంత కత్తిరిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. సంగతి చెప్పాను. పెరట్లోకి వెళ్లి ఎండలో అట్ట నేలకి దగ్గరగా పట్టుకున్నాను. నేల మీద మూడు మూలల వెలుతురు. అట్ట పైకెత్తుతూ పోయాను. ఆమె వంగకుండా ఒక పక్కన నిలబడి కింద చూస్తూ చెప్పింది.

"మూలలు కరుగుతున్నాయి అమ్మాయ్. ఇంకా ఎత్తు. ఇంకా. ఇదిగో, గుండ్రం అయిపోయింది."

నేనప్పటికి ముక్కాలిపీట ఎక్కి చెయ్యి చాపి నిలబడ్డాను. నాలుగు పలకల కంత చేశాం. నక్షత్రం లాంటిది చేశాం. ఎత్తుకి వెళ్లేసరికి అన్నీ గుండ్రమే. వదిన రెండో నాటికి నాకన్నా హుషారయింది. "ఇవాళ అరటికాయలాగా వంకరగా కోద్దాం" అని తనే కత్తెర తీసింది. అదీ గుండ్రమే.

నాకు లీలగా ఒకటి తోచింది. గోడ మీద పడింది కంత ఆకారం కాదు, కంతకి అవతల ఉన్న వీధి బొమ్మ. అలాగైతే నేల మీద పడేది కూడా కంత ఆకారం కాకూడదు, కంతకి అవతల ఉన్న సూర్యుడి బొమ్మ కావాలి. సూర్యుడు గుండ్రంగా ఉన్నాడు గనక బిళ్ల గుండ్రం. అట్ట నేలకి మరీ దగ్గరగా ఉంటే బొమ్మ విచ్చుకోవడానికి చోటు లేక కంత ఆకారమే కనపడుతుంది. వినడానికి బాగానే ఉంది. అయితే రుజువేది? క్లాసులో ఇదే చెప్పాను.

"అయితే సూర్యుడు నాలుగు పలకలుగా ఉంటే బిళ్ల కూడా నాలుగు పలకలుగా పడాలాండీ?" అంది ఆ పిల్ల.

"పడాలి."

"మరి చూట్టం ఎట్టాగండీ?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. సూర్యుణ్ణి పట్టి ఎవరు చెక్కుతారు? వేసవి సెలవులు వచ్చాయి.

బడి తెరిచి వానలు పట్టాక ఒకరోజు నాన్న వసారాలో కళ్లజోడు పెట్టుకుని పంచాంగం చూస్తూ నాయనమ్మతో అన్నారు.

"వచ్చే అమావాస్యకి సూర్యగ్రహణమే అమ్మా. మధ్యాహ్నం లోపల పట్టు, విడుపు రెండూ అయిపోతాయి. గట్టిదే."

నేను అన్నం కలుపుతున్నదాన్ని ఆగిపోయాను. ఆ పూట సూర్యుడు గుండ్రంగా ఉండడు!

మర్నాడు, అప్పటికి ఫిఫ్త్ ఫారానికి వచ్చిన ఆ క్లాసులో చెబితే ఆ పిల్ల కళ్లు ఇంతింతలయ్యాయి. గ్రహణం రోజు బడికి సెలవే. హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగి మేడ మీదికి తాళం ఇప్పించుకున్నాను. ఇళ్లలో ఒప్పుకున్నవాళ్లు రావచ్చు, సూర్యుడి వంక చూడకూడదు, నేల వంకే చూడాలి అని పదిసార్లు చెప్పాను. అట్టలు కత్తిరించి సిద్ధం చేసుకున్నాను. ఆకాశం మబ్బుపడితే ఎలాగన్నదొక్కటే నా దిగులు.

ఆ పొద్దున స్నానం చేసి చెప్పులు వేసుకుంటుంటే నాయనమ్మ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. తెల్ల పంచె, చేతిలో తులసి పూసలు. అప్పటికే ఆవకాయ జాడీల మీద, నీళ్ల బిందెల మీద దర్భలు వేసి వచ్చింది.

"ఎక్కడికే?"

"బళ్లో పనుంది నాయనమ్మా."

"గ్రహణం నాడు బడేంటి? మధ్య గదిలో వదిన దగ్గర కూచో. అది కదలకుండా చూసుకో."

"నువ్వున్నావుగా."

"నేను జపం చేసుకోవద్దూ? పోయినేడు అయిదో నెలలో దానికి కడుపు పోయిన సంగతి మర్చిపోయావా?"

చెప్పులు విడిచాను.

మధ్య గది కిటికీలకు దుప్పట్లు కుక్కి మేకులు కొట్టారు. తలుపు సందుల్లో గుడ్డలు పెట్టారు. వదిన చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఒత్తిగిల్లకూడదు, గోకకూడదు, కాళ్లు ముడవకూడదు. గ్రహణం నీడ తాకితే బిడ్డకి మొర్రి వస్తుందని నాయనమ్మ వారం నుంచి చెబుతూనే ఉంది. నేను గోడకి చేరగిలబడి కూర్చున్నాను. మేడ మీద ఆ పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది. ఇన్నాళ్లకి సూర్యుణ్ణి ఎవరో చెక్కుతుంటే నేనేమో ఊళ్లోకెల్లా చీకటి గదిలో కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

"నా మూలంగా నీ పని చెడిపోయింది" అంది వదిన చీకట్లోంచి.

"నీదేం తప్పు? ఊరికే పడుకో."

బయట మబ్బుగా ఉన్నట్టుంది. గదిలో ఏమీ కనపడటం లేదు. పెరట్లో అన్నయ్య మసి పట్టించిన గాజుముక్క పట్టుకుని తిరుగుతున్నాడు. "పట్టింది, పట్టింది" అన్న కేకలు వీధిలోంచి వినపడ్డాయి. చాలాసేపయింది. ఉన్నట్టుండి మబ్బు తొలగింది కాబోలు, నేల మీద వెలుతురు బిళ్లలు పడ్డాయి.

ఇంద్రకీలాద్రి మీది కోతులు మా వీధి పెంకులన్నీ కదిలించి పోతూ ఉండేవి. ఎన్ని దుప్పట్లు కుక్కినా పైకప్పు సందుల సంగతి ఎవరూ ఆలోచించలేదు.

"అమ్మాయ్" అంది వదిన నెమ్మదిగా. "బిళ్లలు చూడు. ఎవరో కొరికినట్టు లేవూ?"

పాకుతూ వెళ్లి చూశాను. ఉన్నాయి. నేల మీద ఎన్ని బిళ్లలు పడ్డాయో అన్నీ ఒకే పక్క, ఒకే తీరున కొరికేసి ఉన్నాయి. చాప అంచు మీద ఒకటి, గోడ మొదట్లో రెండు, మరచెంబు మీద వంకరపోయి ఇంకొకటి. పైన సందులు ఒక్కొక్కటీ ఒక్కో తీరు. కింద మాత్రం అచ్చు గుద్దినట్టు ఒక్కటే ఆకారం.

"వదినా, ఇవి సూర్యుడి బొమ్మలే! కంత బొమ్మలు కావు. చూశావా, చూశావా?"

"చూస్తున్నా. అరవకు, మామ్మగారు వస్తారు."

మా కళ్ల ముందే బిళ్లలు సన్నబడ్డాయి. నెలవంకలయ్యాయి. వదిన తల మాత్రం తిప్పి చూస్తోంది. "చీరె ఒళ్లంతా ఒకే బుటా వేసినట్టుంది" అంది. "మా నాన్న చూస్తే మగ్గం మీద దించేవాడు." కాసేపాగి మళ్లీ అంది. "బయట ఎటువైపు పట్టింది? గోడ మీద బండి తలకిందులయిందన్నావుగా. ఇది కూడా తారుమారు కావాలి కదా?"

అది నాకు తట్టలేదు! కిటికీ దగ్గరికి వెళ్లి దుప్పటి సందులోంచి పిలిచాను.

"అన్నయ్యా! ఏ వైపు కొరుక్కుపోయింది?"

"నీకెందుకే?"

"చెప్పరా బాబూ!"

"పడమటి వైపు!"

నేల మీద చూశాను. కొరికింది తూర్పు వైపు. వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని నోళ్లు మూసుకుని నవ్వాం. ఆ నవ్వు వల్లనో, నా కేక వల్లనో తలుపు తెరుచుకుంది. నాయనమ్మ.

సరిగ్గా అప్పుడే, బిళ్లలు జరుగుతూ జరుగుతూ వచ్చి, ఒకటి వదిన చీరె కుచ్చిళ్ల మీదికి ఎక్కి కడుపు మీద నిలిచింది. లేత పసుపు చీరె మీద తెల్లటి కొడవలి.

నాయనమ్మ చేతిలో పూసలు కింద పడ్డాయి. "అయ్యో, అయ్యో! గ్రహణం లోపలికొచ్చిందే! బిడ్డ మీదే పడిందే!"

"నాయనమ్మా, భయపడకు. అవి రోజూ పడే బిళ్లలే. ఇవాళ సూర్యుడు ఆ ఆకారంలో ఉన్నాడు గనక..."

"నోర్ముయ్! నిన్ను కూచోబెట్టింది ఇందుకా?"

దుప్పటి లాగి కప్పబోయింది. దుప్పటి కిటికీకి మేకులు కొట్టి ఉంది, రాలేదు. ఇంకేమీ తోచక ఆవిడ వదినకీ పైకప్పుకీ మధ్యన వంగి, తన ఒంటినే అడ్డం పెట్టింది. రెండు చేతులూ చాప మీద ఆనించి, వదిన మీద గొడుగులా నిలిచింది. అప్పుడు కొడవళ్లన్నీ వచ్చి ఆవిడ వీపు మీద, తెల్ల పంచె మీద పడ్డాయి. నేల మీద కన్నా అక్కడ ఇంకా స్పష్టంగా, అంచులు తీర్చి గీసినట్టు కనపడ్డాయి.

పడుకునే ఉన్న వదిన పైకి చూసి మెత్తగా అంది. "మామ్మగారూ, మీ భుజం మీద ఒకటుంది. చూడండి. చల్లగా, ఎంత బావుందో."

"నువ్వు కళ్లు మూసుకో తల్లీ."

"అట్టా వంగితే నడుం పట్టేస్తది. కూచోండి. నాకు అడ్డంగానే కూచోండి."

నాయనమ్మ ఆయాసపడుతూ కూర్చుంది. కూర్చున్నాక ఆవిడ ఒళ్లో పడింది ఒకటి. ఆవిడ దాన్ని దులపబోయింది. దులిపితే చేతి మీదికి ఎక్కింది. చెయ్యి తీస్తే మళ్లీ పంచె మీదికి దిగింది. ఆవిడ చెయ్యి మళ్లీ పెట్టింది. ఈసారి దులపలేదు. ముడతలు పడ్డ అరచేతిలో ఆ సన్నటి వెలుతురు తునక కదలకుండా నిలిచింది.

"ఇదేనా?" అంది.

"ఇదే నాయనమ్మా. పైనెట్లా ఉందో అట్లాగే. కుడి ఎడమలు మాత్రం మారతాయి."

బయట పొద్దుగూకినట్టయింది, కాకులు గోలగోలగా అరిచాయి. ఆవిడ చేతిలో కొడవలి గోటి అంచంత సన్నమయింది. తరవాత మెల్లగా అవతలి పక్కనుంచి లావెక్కడం మొదలుపెట్టింది.

"పుట్టినప్పణ్ణుంచీ ఎన్ని గ్రహణాలొచ్చినాయో" అంది చివరికి. "చిన్నప్పుడు మా అమ్మ గదిలో పెట్టేది. తరవాత మా అత్త పెట్టేది. తరవాత నేనే నలుగుర్నీ పెట్టా. ఒక్కటి కూడా కళ్లతో చూళ్లేదే."

నేను దగ్గరికి జరిగి కూర్చున్నాను. ముగ్గురం బిళ్లలు మళ్లీ గుండ్రమయ్యేదాకా అలాగే ఉన్నాం. విడుపు స్నానానికి లేస్తూ ఆవిడ నాతో అంది. "ఈ సంగతి మీ నాన్నతో చెప్పమాక." అని, గుమ్మం దాటాక, వదిన కేసి తిరిగి, "బిడ్డకేం కాకపోతే అప్పుడు చూద్దాం" అంది. గొంతులో భయం అలాగే ఉంది.

మర్నాడు బడికి వెళ్లేసరికి ఆ పిల్ల గేటు దగ్గరే ఉంది. నా మీద కోపంగా ఉంటుందనుకున్నాను. అది పరిగెత్తుకుంటూ వచ్చింది.

"కొడవళ్లు పడినాయండీ! మీరు రాలేదుగా, హెడ్‌మిస్ట్రెస్ గారే వచ్చి అట్ట పట్టుకున్నారండీ! మేం నలుగురం వచ్చినాం. ఆవిడ చెయ్యి నొప్పెట్టినా దించలేదండీ."

హెడ్‌మిస్ట్రెస్ గారిని కలిసి క్షమించమన్నాను. "మూడు మూలల అట్ట, నాలుగు పలకల అట్ట, రెండూ పట్టాను" అన్నారు ఆవిడ గంభీరంగా. "రెండింట్లోనూ ఒకటే పడింది. ఈ సంగతి ఇన్నేళ్లూ మాకెవరూ చెప్పలేదేమండీ?" ఇంకా ఏదో అడగబోయి ఆగి నవ్వారు. నేను చూశాను.

ఆ పిల్లకి ఇంకో ప్రశ్న అప్పటికే తయారుగా ఉంది. ఎండ బాగా సన్నబడ్డప్పుడు గోడ మీద తన చెయ్యి నీడ చూసుకుందట. చెయ్యి ఒకవైపు తిప్పితే వేళ్ల నీడలు కత్తితో కోసినట్టు ఉన్నాయట, ఇంకోవైపు తిప్పితే అలుక్కుపోయాయట. మామూలు ఎండలో అలా ఉండదు కదండీ, ఎందుకు అంది. తెలియదన్నాను. ఈసారి ఆ మాట అనడానికి నాకు సిగ్గు వెయ్యలేదు. కొవ్వొత్తి ముందు సన్నటి చీలిక పెట్టిన అట్ట నిలబెట్టి ఆ వారమంతా క్లాసులో పిల్లల చేతుల నీడలు చూస్తూ గడిపాం. వెలుతురు ఎటు సన్నగా ఉంటే నీడ అంచు అటు పదునెక్కుతుందని తేలేసరికి త్రైమాసిక పరీక్షలు దగ్గరికొచ్చాయి. సిలబసు వెనకబడింది.

ఇంట్లో మాత్రం ఆ నెలలు తేలిగ్గా గడవలేదు. నాయనమ్మ రోజూ పొద్దున్నే వదిన మొహం చూసేది, ఏమీ అడిగేది కాదు. నేనూ చూసేదాన్ని. వెలుతురు బిళ్ల తాకితే బిడ్డ పెదవికి ఏమీ కాదని నాకు తెలుసు. పోయినేడు కడుపు ఎందుకు పోయిందో మాత్రం నాకూ తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. తెలిసిన సంగతి పగలు ధైర్యం చెప్పేది. తెలియని సంగతి మిగతా వేళల్లో పక్కనే కూర్చునేది. వదిన ఒక్కతే నిబ్బరంగా ఉండేది. "నేను చూస్తానని అడిగి చూశానా ఏంటి? అదే వచ్చి పడింది" అని నవ్వేది.

చలికాలంలో ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని పొత్తిళ్లలో చుట్టి ఇవ్వగానే నాయనమ్మ వాకిట్లో వెలుతురులోకి తీసుకెళ్లి పెదవి వేలితో తడిమింది. మళ్లీ తడిమింది. ఆ తరవాత అక్కడే మెట్టు మీద కూలబడి, బిడ్డని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

గ్రహణాల పట్టింపు ఆవిడ మానలేదు. దర్భలు వేసేది, ఉపవాసం ఉండేది, మాచేతా ఉంచేది. కడుపుతో ఉన్నవాళ్లని గదిలోనే పెట్టమనేది. పైకప్పు సందులు కప్పమని మాత్రం ఏనాడూ అనలేదు.

వేసవిలో ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి మధ్య గదిలో వదిన చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరి ఉన్నారు. బిడ్డ ఉయ్యాలలో నిద్రపోతోంది. వదిన ఒక అట్ట పట్టుకుని పెంకుల సందులోంచి పడే ఎండకి అడ్డం పెడుతూ, తీస్తూ, అచ్చు నేను క్లాసులో చెప్పినట్టే చెబుతోంది.

"ఇది వెలుతురు కాదండీ, సూర్యుడి బొమ్మ. మబ్బు అడ్డమొచ్చినప్పుడు చూడండి, ఈ బిళ్లలో మబ్బు కూడా పోతది."

"మబ్బు కూడానా?" అంది ఎదురింటావిడ.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అది నాకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు. వదిన తనంతట తనే, పసిబిడ్డ పక్కన పడుకుని ఉన్న ఆ మధ్యాహ్నాల్లో కనిపెట్టినట్టుంది. పుస్తకాల సంచి కింద పెట్టి, ఆడవాళ్ల మధ్యన చోటు చేసుకుని కూర్చున్నాను. అందరం తలలు వంచి మబ్బు కోసం చూస్తున్నాం.